105.5 మీది ఛానెళ్లు 68.5కు, 83కు వెళ్తే డిష్‌లు కొత్తవి కొనాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఖమ్మం దగ్గర చిన్న కేబుల్ టీవీ కంట్రోల్ రూం. పన్నెండు అడుగుల మెష్ డిష్‌లు రెండు, ఎనిమిది అడుగులది ఒకటి ఉన్నాయి. ఆసియాశాట్ 7 (105.5 డిగ్రీల తూర్పు) మీద తీసుకుంటున్న ఛానెళ్లు కొన్ని ఇంటెల్‌శాట్ 20 (68.5)కు, కొన్ని జీశాట్ 30 (83)కు మారుతున్నాయి. శాటిలైట్ కంపెనీలు సర్వీసులు పెంచుతున్నాయి కదా, డిష్‌లు, ఎల్‌ఎన్‌బీలు (డిష్ ముందు సిగ్నల్ పట్టే పరికరాలు), ఐఆర్‌డీలు (ఛానెల్ విప్పే రిసీవర్ పెట్టెలు) అన్నీ మార్చాలా, ఉన్నవి తిప్పితే సరిపోతుందా? పనిలో పనిగా శాటిలైట్ ఇంటర్నెట్ కూడా మొదలుపెట్టొచ్చా?

సూటిగా చెప్తాను. డిష్‌లు కొనక్కర్లేదు. పన్నెండు అడుగులవి తిప్పితే చాలు. ఎల్‌ఎన్‌బీలు మాత్రం 5జీ ఫిల్టర్ ఉన్నవి వేయండి. ఐఆర్‌డీ మార్చాలా వద్దా అన్నది ఛానెల్ వాళ్లు ఇచ్చే కొత్త పారామీటర్లను బట్టి ఉంటుంది. ఎనిమిది అడుగుల డిష్ మీద 68.5 పెట్టుకోవద్దు, కారణం కింద రాశాను. ఇంటర్నెట్ వేరే వ్యాపారం, దాన్ని దీంతో కలపకండి.

ముందుగా ఈ మార్పు ఎందుకొచ్చిందో చూద్దాం. విదేశీ శాటిలైట్ల కెపాసిటీ మన దేశంలో అమ్మాలంటే 2025 జనవరి 1 నుంచి ఇన్‌స్పేస్ (అంతరిక్ష రంగంలో అనుమతులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అనుమతి తప్పనిసరి. హాంకాంగ్ కంపెనీ ఆసియాశాట్‌కు 5, 7 శాటిలైట్ల మీద దొరికిన అనుమతి 2026 మార్చి వరకే. అందుకే ఛానెళ్లు వేరే చోటు వెతుక్కున్నాయి. ఇంటెల్‌శాట్‌ను లక్సెంబర్గ్‌కు చెందిన ఎస్‌ఈఎస్ 310 కోట్ల డాలర్లకు కొనేసింది, 2025 జులై 17న లావాదేవీ పూర్తయింది. కాగితాల మీద పేరు మారినా శాటిలైట్ ఉన్న చోటే ఉంది, డిష్‌కు ఆ సంగతితో పనిలేదు.

శాటిలైట్ కంపెనీ విస్తరిస్తోందంటే మన డాబా మీద పని ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. పని ఉండాలంటే స్థానం మారాలి. 2020 జనవరి 17న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి వెళ్లిన జీశాట్ 30, పాత ఇన్సాట్ 4ఏ స్థానంలో అదే 83 డిగ్రీల దగ్గర కూర్చుంది. ఫ్రీక్వెన్సీ మారితే రీస్కాన్ చేసుకున్నారు, డిష్ తిప్పిన వాళ్లు లేరు. 2022 జూన్‌లో వెళ్లిన జీశాట్ 24 కూడా అంతే. ఇస్రో వాణిజ్య సంస్థ ఎన్‌ఎస్‌ఐఎల్ దాని 24 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లూ (సిగ్నల్ అందుకుని తిరిగి కిందికి పంపే యూనిట్లు) టాటా ప్లేకే ఇచ్చింది, ఇంటి మీద చిన్న డిష్‌కు అసలు తెలియనే లేదు. మీ పరిస్థితి వేరు. ఛానెల్ ఒక స్థానం వదిలి మరో స్థానానికి పోతోంది కాబట్టి స్పానర్ పట్టక తప్పదు.

ఖమ్మం (17.25 ఉత్తరం, 80.15 తూర్పు) నుంచి లెక్క వేస్తే వచ్చే అంకెలు ఇవి. అన్నీ డిగ్రీల్లో. దిశ ఉత్తరం నుంచి సవ్యదిశలో (గడియారం ముల్లు తిరిగే వైపు) కొలిచింది. ఎత్తు అంటే నేల నుంచి పైకి ఉన్న కోణం.

105.5: దిశ 122, ఎత్తు 54.6, ఎల్‌ఎన్‌బీ వంపు సుమారు 54.
83: దిశ 170.5, ఎత్తు 69.5, వంపు సుమారు 9.
68.5: దిశ 214.8, ఎత్తు 65.7, వంపు సుమారు 33, అయితే ఎదురు వైపుకు.

మూడో అంకె, అంటే వంపు, దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. డిష్ వెనక నిలబడి ఆకాశం వైపు చూస్తే, మనకు తూర్పున ఉన్న శాటిలైట్‌కు ఎల్‌ఎన్‌బీ అపసవ్యంగా తిరిగి ఉండాలి, పడమర ఉన్నదానికి సవ్యంగా. 105.5 నుంచి 68.5కు వచ్చేటప్పుడు 54, 33 కలిపి 87 డిగ్రీలు సవ్యదిశలో తిప్పాలి. తిప్పకపోతే ఏమవుతుందో చూడండి. 87 అంటే దాదాపు 90. శాటిలైట్ దొరుకుతుంది, సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ హారిజాంటల్ అని ఇచ్చిన ఫ్రీక్వెన్సీలన్నీ వర్టికల్‌లో లాక్ అవుతాయి, వర్టికల్‌వి హారిజాంటల్‌లో. "ఆ ఛానెల్ ఇంకా రాలేదండీ" అని ఫోన్లు చేసుకుంటూ రెండ్రోజులు గడిపేస్తారు.

83 దగ్గర ఇంకో రకం తంటా. అక్కడ తేడా 45 డిగ్రీలు, అంటే సరిగ్గా మధ్యలో. రెండు పోలరైజేషన్లూ (తరంగం నిలువుగా లేదా అడ్డంగా ఊగే తీరు) సమానంగా లోపలికొచ్చి ఒకదాన్నొకటి పాడుచేస్తాయి. డిష్ గురి నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉన్నా ఒక్క ఛానెల్ కూడా లాక్ కాదు. మీటర్‌లో స్ట్రెంగ్త్ నిండుగా, క్వాలిటీ సున్నా చూసి డిష్‌నే అటూఇటూ కదిపి, ఉన్న గురి కూడా పోగొట్టుకుంటారు. కాబట్టి డిష్ కదిపే ముందే ఎల్‌ఎన్‌బీని లెక్క ప్రకారం తిప్పి పెట్టండి. కొన్ని శాటిలైట్లకు పోలరైజేషన్ తయారీలోనే కొన్ని డిగ్రీలు ఒరిగి ఉంటుంది, అందుకే ఈ అంకెలు మొదలు పెట్టడానికే. చివరి సర్దుబాటు మీటర్ చూసి చేసుకోవాలి.

ఇక తిప్పే వరస.

నడుస్తున్న డిష్ మీద మొదట చెయ్యి పెట్టకండి. ఛానెళ్లు మారేటప్పుడు మామూలుగా కొన్నాళ్లు పాత, కొత్త శాటిలైట్ రెండింటి మీదా నడుస్తాయి. ఆ గడువులోనే, రెండు పన్నెండు అడుగుల డిష్‌లలో తక్కువ ఛానెళ్లున్న దాన్ని ఖాళీ చేసి ముందుగా అదొక్కటే తిప్పండి. తిప్పే ముందు పాత స్థానం గుర్తులు పెట్టుకోవాలి: పోల్ మీద మార్కర్ గీత, ఎత్తు రాడ్ మీద ఎన్ని మరలు బయటికున్నాయో ఒక ఫొటో, ఎల్‌ఎన్‌బీ స్కేల్ ఫొటో, ప్రతి ట్రాన్స్‌పాండర్ సీ/ఎన్ (సిగ్నల్‌కూ నాయిస్‌కూ నిష్పత్తి) రీడింగ్. వెనక్కి వెళ్లాల్సి వస్తే పది నిమిషాల్లో వెళ్లొచ్చు.

తర్వాత పోల్. రసమట్టం పోల్‌కు రెండు పక్కలా, తొంభై డిగ్రీల తేడాతో పెట్టి చూడండి. పాత పోల్‌లు ఒరిగి ఉంటాయి. ఒక స్థానంలో ఉన్నంతకాలం ఆ ఒరుగు బయటపడదు, ఎందుకంటే ఎత్తు దానికి తగ్గట్టు సర్దేసి ఉంటారు. ఇప్పుడు 93 డిగ్రీలు తిప్పుతున్నారు కాబట్టి, పోల్ ఒక డిగ్రీ ఒరిగి ఉంటే ఎత్తు కూడా దాదాపు అంత తప్పుతుంది. పన్నెండు అడుగుల డిష్‌కు 4 గిగాహెర్ట్జ్ దగ్గర బీమ్ వెడల్పు 1.4 డిగ్రీలే. అంటే ఆ ఒక్క డిగ్రీ ఒరుగుతోనే శాటిలైట్ చూపులోంచి తప్పుకుంటుంది.

రిమ్‌కు అడ్డంగా రెండు నైలాన్ దారాలు ప్లస్ గుర్తులా బిగించి కట్టండి. మధ్యలో రెండూ తాకీతాకనట్టు ఉండాలి. ఎడం కనిపిస్తే డిష్ వంకర పోయినట్టే. కోతులున్న ఊళ్లలో ఇది తప్పక చూడాలి, అవి ఎల్‌ఎన్‌బీ కాళ్లు పట్టుకుని ఊగితే రిమ్ ఒక పక్కకు లాగేస్తుంది. దారాలు కట్టినప్పుడే మధ్యలో లోతు కూడా కొలవండి. ఫోకస్ దూరానికి సూత్రం: వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, లోతుకు పదహారు రెట్లతో భాగించాలి. 366 సెం.మీ. డిష్‌కు లోతు 61 సెం.మీ. వస్తే ఫోకస్ 137 సెం.మీ., ఎఫ్/డీ (ఫోకస్‌ను వ్యాసంతో భాగిస్తే వచ్చేది) 0.375. స్కేలార్ రింగ్ (ఎల్‌ఎన్‌బీ నోటి చుట్టూ ఉండే వలయం) పక్కనున్న గీతల్లో 0.38 దగ్గర ఎల్‌ఎన్‌బీని కూర్చోబెట్టండి. ఫోకస్ బిందువు ఎల్‌ఎన్‌బీ నోటికి అర సెంటీమీటరు లోపల పడాలి. కంపెనీ బిగించింది కదా అని ఇది వదిలేస్తారు, ఒకటి రెండు డీబీలు (డెసిబెళ్లు) ఇక్కడే పోతుంటాయి.

ఎత్తుకు యాంగిల్ మీటర్‌ను డిష్ వెనక చదునైన రింగ్ మీద పెడితే 90 లోంచి ఎత్తు తీసేసిన అంకె చూపిస్తుంది. 68.5కు 24.3 రావాలి. ఇప్పుడు 105.5 మీద మీది 35.4 దగ్గర ఉండాలి. అంత చూపించకపోతే మీటర్ తప్పో, పోల్ ఒరిగిందో ముందే తెలిసిపోతుంది. దిశకు దిక్సూచి వాడొచ్చు, మన దగ్గర అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే. అయితే డిష్ పక్కన నిలబడి చూడకండి, ఇనుము దాన్ని లాగేస్తుంది. స్లాబ్‌లో చువ్వలు కూడా అంతే. నేల మీదికి దిగి, దూరం నుంచి ఒక కొండగుర్తు చూసుకుని పైకి రండి. ఆకాశంలో అడ్డు గురించి మీకు పెద్ద దిగులు అక్కర్లేదు. 65 డిగ్రీల ఎత్తులో, డిష్ కన్నా ఇరవై అడుగులు పైకున్న బిల్డింగ్ కూడా తొమ్మిది అడుగుల లోపల ఉంటేనే అడ్డం.

గురి దగ్గరికి వచ్చాక మెల్లగా, అర డిగ్రీ చొప్పున, దిశ ఊడ్చండి. లాక్ రాకపోతే ఎత్తు పావు డిగ్రీ మార్చి మళ్లీ ఊడ్చండి. చూడాల్సింది క్వాలిటీ లేదా సీ/ఎన్ మాత్రమే, స్ట్రెంగ్త్ కాదు. మొదట దొరికిన శాటిలైట్ 68.5 అని నమ్మేయకండి. రెండున్నర డిగ్రీల పక్కన 66 దగ్గర ఇంటెల్‌శాట్ 17 ఉంది, అదీ సీ బ్యాండే (మీ పెద్ద డిష్‌లు పట్టే 4 గిగాహెర్ట్జ్ దగ్గరి వరసే). నెట్‌వర్క్ పేరు, సింబల్ రేటు సరిచూసుకోండి. పీక్ వచ్చాక ఎల్‌ఎన్‌బీని తిప్పుతూ ఎదురు పోలరైజేషన్ కనిష్ఠం చేయాలి. పీక్ దగ్గర మీటర్ చాలా మెల్లగా కదులుతుంది, కనిష్ఠం మాత్రం పదునుగా తెలుస్తుంది. చివర బోల్టులు ఒక పక్కవి మొత్తం బిగించేసి రెండో పక్కకు వెళ్లొద్దు. ఎదురెదురు బోల్టులు తలా అర చుట్టు, మీటర్ చూస్తూ బిగించాలి. బిగింపులోనే ఒక డీబీ పోగొట్టుకోవడం రోజూ చూసే పనే.

ఎనిమిది అడుగుల డిష్ సంగతికొస్తే, పన్నెండు అడుగుల దానితో పోలిస్తే 3.5 డీబీ తక్కువ. అది ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. బీమ్ వెడల్పు 2.1 డిగ్రీలు కావడం అసలు చిక్కు. గురి అర డిగ్రీ అటు తప్పితే 66 మీది ట్రాన్స్‌పాండర్లు అదే ఫ్రీక్వెన్సీలో లోపలికొచ్చేస్తాయి. మీటర్‌లో ఉదయం బాగుంటుంది, మధ్యాహ్నం గాలికి చెదురుతుంది, కారణం దొరకదు. దాన్ని 83 మీద పెట్టుకోండి, లేదా స్పేర్‌గా ఉంచండి. 66 కూడా కావాలనుకుని ఒకే పన్నెండు అడుగుల డిష్‌కు రెండు ఎల్‌ఎన్‌బీలు పెట్టాలనుకుంటే, రెండింటి మధ్య ఎడం సుమారు 8 సెం.మీ. వస్తుంది. స్కేలార్ రింగులు ఒకదానికొకటి అడ్డుపడతాయి, కోసి అతికించాలి. ఇంట్లో చూసుకునే వాళ్లకు అది సరదా, వందల కనెక్షన్లున్న కంట్రోల్ రూంకు వద్దు.

ఎల్‌ఎన్‌బీ ఎందుకు మార్చమన్నానంటే, 5జీకి ఇచ్చిన బ్యాండ్ 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్. మనం చూసే సీ బ్యాండ్ 3700 దగ్గర మొదలవుతుంది. మధ్యలో ఉన్నది 30 మెగాహెర్ట్జ్ ఎడం. పాత ఎల్‌ఎన్‌బీలు 3400 నుంచి 4200 దాకా నోరు తెరుచుకుని కూర్చుంటాయి. దగ్గరలో టవర్ వెలిగిందంటే ఎల్‌ఎన్‌బీలోని మొదటి ఆంప్లిఫయర్ ముక్కు దాకా నిండిపోయి, మన సిగ్నల్‌ను కూడా చితగ్గొడుతుంది. స్ట్రెంగ్త్ 95, క్వాలిటీ 0 అన్న రీడింగ్ ఎక్కువగా ఇదే. రిసీవర్ దగ్గర ఫిల్టర్ పెడితే లాభం లేదు, పాడయ్యేది పైనే. 3700–4200 అని రాసి ఉన్న, లోపలే ఫిల్టర్ ఉన్న ఎల్‌ఎన్‌బీ వేయండి. టవర్ మరీ ఎదురుగా ఉంటే వేవ్‌గైడ్ ఫిల్టర్ కావాలి. దానికి ఫ్లాంజ్ ఉన్న ఫీడ్‌హార్న్, ఫ్లాంజ్ ఉన్న ఎల్‌ఎన్‌బీ విడివిడిగా ఉండాలి, మన మామూలు కలిపి పోసిన ఎల్‌ఎన్‌బీఎఫ్‌కు అది ఎక్కదు. రెండు పోలరైజేషన్లూ కావాలంటే ఫిల్టర్లు రెండు. ఫిల్టర్ ఉచితంగా రాదు కూడా. అర డీబీ నష్టమే కదా అనిపిస్తుంది కానీ అది ఎల్‌ఎన్‌బీ ముందు జరిగే నష్టం. అక్కడ పుట్టే నాయిస్ 35 కెల్విన్‌ల దాకా ఉంటుంది, చివరికి సీ/ఎన్‌లో సుమారు ఒకటిన్నర డీబీ తగ్గుతుంది. టవర్ ఇబ్బంది లేని చోట పెట్టకండి. 3700కు ఆనుకుని ఉన్న ట్రాన్స్‌పాండర్ మీకు ముఖ్యమైతే ఫిల్టర్ అంచు దాన్నీ కొరుకుతుందేమో ముందే చూసుకోండి.

కంట్రోల్ రూంలో ఇంకో తప్పు తరచూ జరుగుతుంది. ఒకే ఎల్‌ఎన్‌బీ నుంచి స్ప్లిటర్ పెట్టి నాలుగు ఐఆర్‌డీలకు ఇస్తారు. వర్టికల్‌కు 13 వోల్టులు, హారిజాంటల్‌కు 18. ఏ ఐఆర్‌డీ 18 పంపితే అదే గెలుస్తుంది, మిగిలినవి గుడ్డివైపోతాయి. రాత్రి కరెంటు పోయి వచ్చాక సగం ఛానెళ్లు నల్లగా ఉంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. రెండు అవుట్‌పుట్‌లున్న ఎల్‌ఎన్‌బీ వేసి, ఒకటి వర్టికల్‌కు, ఒకటి హారిజాంటల్‌కు కేటాయించి, పవర్ ఇన్‌సర్టర్‌తో వోల్టేజీ స్థిరంగా ఇవ్వండి. స్ప్లిటర్‌లో మిగతా పోర్టులకు డీసీ బ్లాక్ (ఐఆర్‌డీ వోల్టేజీ పైకి పోకుండా ఆపేది) ఉండాలి. కేబుల్ ముప్పై మీటర్లు దాటితే ఆర్‌జీ 6 వద్దు, ఆర్‌జీ 11 లాగండి.

ఇప్పుడు ఐఆర్‌డీ. శాటిలైట్ కంపెనీ కెపాసిటీ పెంచామన్నప్పుడు ప్రతిసారీ కొత్త శాటిలైట్ వచ్చిందని కాదు. ఉన్న ట్రాన్స్‌పాండర్‌లోనే ఎక్కువ ఛానెళ్లు కుక్కుతారు. సెకనుకు 30 మెగా సింబల్స్ నడిచే ఒక క్యారియర్ తీసుకోండి. కింద క్యూపీఎస్‌కే లాంటి పేర్లు మాడ్యులేషన్‌వి, అంటే ఒక్కో సింబల్‌లో ఎన్ని బిట్లు కుక్కుతారన్నది; 3/4 అంటే నాలుగు బిట్లలో మూడు అసలు డేటా, మిగిలింది తప్పులు దిద్దడానికి (దీన్నే ఎఫ్‌ఈసీ అంటారు). క్యూపీఎస్‌కే 3/4లో 44 మెగాబిట్లు పడతాయి, 8పీఎస్‌కే 3/4లో 66, 16ఏపీఎస్‌కే 3/4లో 89. వాళ్లకు అద్దె కలిసొస్తుంది, భారం మన డిష్ మీద పడుతుంది. శాటిలైట్ ప్రసారాలకు వాడే డీవీబీ ఎస్2 ప్రమాణం ప్రకారం కనీసం కావాల్సిన సీ/ఎన్ క్యూపీఎస్‌కే 3/4కు 4 డీబీ, 8పీఎస్‌కే 3/4కు 7.9, 8పీఎస్‌కే 5/6కు 9.35, 16ఏపీఎస్‌కే 3/4కు 10.2. ఇది ఎండ కాసే రోజు అంచు మీద నిలబడ్డానికి. దానికి కనీసం 3 డీబీ పైన ఉంచుకోండి. 8పీఎస్‌కే 3/4 అయితే 11 రాకపోతే పని అయిపోయిందని దిగిరావద్దు. పాత శాటిలైట్ మీద 9తో హాయిగా నడిచిన డిష్, కొత్త చోట ఎఫ్‌ఈసీ 5/6కు పెరిగితే అదే 9తో గళ్లు గళ్లుగా పగులుతుంది. డిష్ చెడిపోలేదు, గీత పైకి జరిగింది.

కాబట్టి ఛానెల్ వాళ్ల నుంచి ఆరు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: ఫ్రీక్వెన్సీ, పోలరైజేషన్, సింబల్ రేటు, మాడ్యులేషన్, ఎఫ్‌ఈసీ, వీడియో కోడింగ్. వీడియో కోడింగ్ హెచ్‌ఈవీసీ (ఎంపెగ్ 4 తర్వాత వచ్చిన వీడియో కుదింపు పద్ధతి) అని రాస్తే ఎంపెగ్ 4 ఐఆర్‌డీ పనికిరాదు. ఎస్2ఎక్స్ (ఎస్2కు పొడిగింపు) అన్నా, మల్టీస్ట్రీమ్ (ఒకే క్యారియర్‌లో పలు ధారలు) అన్నా పాత పెట్టె లాక్ కూడా కాదు. పెట్టె మార్చాల్సి వస్తే కార్డు దానితో జత చేసి ఉంటుంది కాబట్టి సీరియల్ నంబర్లతో ఛానెల్ వాళ్లకు ముందే మెయిల్ పెట్టండి, ఆథరైజేషన్ రావడానికి పట్టే టైం మన చేతిలో లేదు. ఎల్‌ఎన్‌బీ ఎల్‌ఓ (లోకల్ ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ) 5150 అని ఐఆర్‌డీలో ఉందో లేదో చూడండి. 5150లోంచి ఛానెల్ ఫ్రీక్వెన్సీ తీసేస్తే ఎల్-బ్యాండ్ అంకె వస్తుంది, 3720 అయితే 1430. స్పెక్ట్రమ్ మీటర్ చదివేటప్పుడు ఈ తీసివేత గుర్తుంటే చాలు.

సన్ అవుటేజ్ (సూర్యుడు శాటిలైట్ వెనక్కి వచ్చి సిగ్నల్ కాసేపు పోవడం) టైం కూడా మారుతుంది. 105.5కు ఖమ్మంలో మార్చి రెండో వారం, సెప్టెంబర్ చివర, ఉదయం పది, పదిన్నర నడుమ వచ్చేది. 68.5కు అవే రోజుల్లో మధ్యాహ్నం ఒంటిగంట అటూఇటూ వస్తుంది, సరిగ్గా అన్నాల వేళ సీరియల్ రీటెలికాస్ట్ టైంలో. స్క్రోల్ ముందే వేసుకోండి. ఆ రోజుల్లో గురి సరిచూసుకోవడానికి ఇంతకన్నా చవకైన పరికరం లేదు. అంతరాయం గరిష్ఠంగా ఉన్న నిమిషంలో ఎల్‌ఎన్‌బీ నీడ డిష్ నట్టనడుమ పడాలి.

అన్ని ఛానెళ్లూ 68.5 మీదికే చేర్చేద్దామా అని మీరు అడగలేదు కానీ అడుగుతారని రాస్తున్నాను. రెండు డిష్‌లు రెండు స్థానాల మీద ఉంచండి. 60 డిగ్రీల దగ్గరున్న ఇంటెల్‌శాట్ 33ఈ, 2016లో వెళ్లినది, 2024 అక్టోబర్ 19న ఏ హెచ్చరికా లేకుండా ముక్కలైపోయింది. అలాంటిది రోజూ జరగదు, కానీ ఆ రోజున మళ్లీ పోల్ ఎక్కి దారాలు కడుతూ కూర్చోలేం.

ఇంటర్నెట్ విషయం. ఎన్‌ఎస్‌ఐఎల్ 2024 నవంబర్‌లో ఫాల్కన్ 9 మీద పంపిన జీశాట్ ఎన్2 పూర్తిగా కేఏ బ్యాండ్. 32 బీమ్‌లు, అందులో 8 ఈశాన్య రాష్ట్రాలకే, మొత్తం కలిపి సెకనుకు సుమారు 48 గిగాబిట్లు. వినడానికి పెద్దదే, దేశమంతటికీ పంచితే ఒక్కో బీమ్‌కు మిగిలేది చూసుకోండి. దీనికి మీ సీ బ్యాండ్ డిష్ పనికిరాదు, పైకి పంపాలి కాబట్టి లైసెన్స్ ఉన్న వీశాట్ (చిన్న డిష్‌తో రెండు వైపులా నడిచే శాటిలైట్ కనెక్షన్) కంపెనీ ద్వారానే వెళ్లాలి, మీరు మహా అయితే వాళ్ల తరఫున బిగించి అమ్మగలరు. సిగ్నల్ భూస్థిర కక్ష్యకు వెళ్లి దిగడానికే పావు సెకను, దానికి జవాబు రావడానికి మొత్తం అర సెకను పడుతుంది, వీడియో కాల్‌లో అది తెలుస్తుంది. జులైలో కుండపోత పడితే కేఏ బ్యాండ్ సీ బ్యాండ్‌లా తట్టుకోదు. మీ ఊరి దాకా ఫైబర్ ఉంటే దాని మీదే బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వండి. ఫైబర్ చేరని గూడేలకు, క్వారీలకు, చేపల చెరువుల దగ్గర ఆఫీసులకు మాత్రం వీశాట్ ఆలోచించొచ్చు.